ఫోన్‌లో ఊరగాయ జాడీ



ఇవాళ నాకిష్టమైన యాప్‌ల గురించి మాట్లాడమన్నారు. ఫోన్‌లో వాడేవి, ట్యాబ్‌లో వాడేవి. సరేనని ఫోన్ తీసి లెక్కపెట్టాను. లెక్కల టీచర్‌గా రిటైరైనదాన్ని, లెక్కపెట్టకుండా ఉండలేను. డెబ్బై మూడు తేలాయి. అందులో సగం ఎందుకు వేసుకున్నానో నాకే గుర్తులేదు. ఎవరో బాగుందంటే వేసుకున్నవి కొన్ని. చీరల కొట్లో పది శాతం తగ్గిస్తామంటే వేసుకున్నవి కొన్ని. మనవడు ఆడుకుని వదిలేసినవి ఇంకొన్ని.

ఆ డెబ్బై మూడు పేర్లూ చదివానంటే మీరు రేడియో కట్టేస్తారు. అందుకని ఒక్క సంగతే చెప్తాను. నెట్ పోయినా పనిచేసే యాప్‌ల సంగతి. మళ్లీ చెప్తున్నాను, నెట్ పోయినా పనిచేసేవి. నాకు ఇష్టమైనవి అవే.

వాటికి మా ఇంట్లో ఓ పేరు పెట్టుకున్నాం. ఊరగాయ యాప్‌లు.

ఎందుకంటారా? వేసవిలో మనం ఆవకాయ పెడతాం. కాయలు దొరికే రోజుల్లోనే తెచ్చి, ముక్కలు కొట్టించి, తడి లేకుండా తుడిచి, జాడీకెత్తి, వాసెన కట్టి అటకెక్కిస్తాం. శ్రావణంలో ముసురు పట్టి, బజారుకెళ్లలేని రోజున ఆ జాడీ దిగుతుంది. ఆ రోజు కూర లేదని ఎవరూ బాధపడరు. ఫోన్‌లో కూడా అలాగే. వైఫై ఉన్నప్పుడు, నెట్ బాగా వచ్చేటప్పుడు, కావలసిన సరుకు ముందే దించి పెట్టుకోవాలి. దీన్నే డౌన్‌లోడ్ అంటారు. సిగ్నల్ లేని చోట అది అక్కరకొస్తుంది.

ఇంకో రకం ఉన్నాయి. వాటిని పాల యాప్‌లు అంటాం. పాలు ఏ రోజువి ఆ రోజే. నిన్నటి పాలు ఇవాళ పనికిరావు. వాతావరణం చెప్పే యాప్, బ్యాంకులో ఎంత ఉందో చెప్పే యాప్, మార్కెట్ ధర చెప్పే యాప్, ఇవన్నీ పాలు. వాటికి నెట్ ఉండి తీరాలి.

ఏది ఊరగాయో, ఏది పాలో తెలియక నేనొకసారి అడవిలో చిక్కుకున్నాను. ఆ కథ చెప్తాను.

నాలుగేళ్ల కిందట హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరాం. మా అన్నయ్య కారు నడుపుతున్నాడు. వెనక వదిన, అమ్మ. ముందు సీట్లో నేను, నా చేతిలో ఫోన్. దారి చెప్పే పని నాది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల మొదలు. ఆ దారిలో వెళ్లినవాళ్లకి తెలుసు, రాత్రి 9 నుంచి తెల్లారి 6 దాకా అక్కడ గేటు వేసేస్తారు. మేం పొద్దున్నే దాటాం. వటువర్లపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి, మల్లెలతీర్థం చూసి పోదామన్నాను నేను. జలపాతం కదా, అమ్మకి చూపిద్దామని. కాస్త దూరం పోయేసరికి దారి రెండుగా చీలింది.

"ఎటు పోవాలే?" అన్నాడు అన్నయ్య.

ఫోన్ చూశాను. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. మ్యాప్ తెరిస్తే, రోడ్డు లేదు, ఊరు లేదు, పేరు లేదు. తెర నిండా బూడిదరంగు గళ్లు. ఆ గళ్ల మధ్యలో ఒక నీలం చుక్క మాత్రం ఉంది. కారు కదిలితే చుక్కా కదులుతోంది. కారు ఆగితే ఆగుతోంది.

"ఇదిగో, మనం ఇక్కడున్నాం" అన్నాను.

"ఇక్కడంటే ఎక్కడ?" అంది వదిన.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కట్టెలమోపుతో వస్తున్న ఒక పెద్దాయన చెయ్యి చూపించి దారి చెప్పాడు. మేం జలపాతం చూశాం, అది వేరే సంగతి. కానీ ఆ నీలం చుక్క నన్ను వదల్లేదు. నెట్ లేదు కదా. మరి మనం కదులుతున్నట్టు ఆ చుక్కకి ఎలా తెలిసింది?

ఇంటికొచ్చాక మా మేనకోడలు చెప్పింది. దాని మాటల్లోనే చెప్తే మీకూ తేలిగ్గా అర్థమవుతుంది. మీరిప్పుడు రేడియో వింటున్నారు. మీరు వింటున్నట్టు స్టూడియోలో ఉన్న నాకు తెలీదు. మీ రేడియో నాకేమీ పంపట్లేదు. గాల్లో వస్తున్నదాన్ని అందుకుంటోంది, అంతే. ఫోన్‌లోని జీపీఎస్ కూడా అలాంటి రేడియోయే. భూమికి సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ టైమెంతో, తానెక్కడుందో చెప్తూ ఉంటుంది. మన ఫోన్ ఆ మాటలు వింటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే, ఏది ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, మనమెక్కడున్నామో తేల్చేస్తుంది. దీనికి నెట్ అక్కర్లేదు, రీఛార్జి అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. ఆకాశం కనబడితే చాలు. నెట్ లేనప్పుడు చుక్క పడడానికి ఓ నిమిషం ఎక్కువ పట్టొచ్చు, అంతే తేడా.

అంటే ఆ రోజు అడవిలో నా దగ్గర చుక్క ఉంది. మ్యాప్ లేదు. చుక్క ఆకాశం నుంచి వస్తుంది, మ్యాప్ నెట్ నుంచి వస్తుంది. మ్యాప్‌ని ముందే దించి పెట్టుకుని ఉంటే, రెండూ కలిసేవి. వదిన అడిగిన ప్రశ్నకి జవాబు దొరికేది.

ఆ దించుకోవడం ఎలాగో ఇప్పుడు చెప్తాను. నెమ్మదిగా చెప్తాను, ఫోన్ పక్కనే ఉంటే తీసుకోండి. గూగుల్ మ్యాప్స్ తెరవండి. కుడివైపు పైన గుండ్రంగా మీ ఫొటో గానీ, మీ పేరులో మొదటి అక్షరం గానీ ఉంటుంది. దాన్ని నొక్కండి. అందులో ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. అది నొక్కండి. మీకు కావలసిన మ్యాప్ ఎంచుకోమంటుంది. నొక్కితే ఒక చదరపు గీత కనిపిస్తుంది. మీరు వెళ్లే దారంతా ఆ గీత లోపలికి వచ్చేలా వేళ్లతో జరపండి. కింద డౌన్‌లోడ్ నొక్కండి. అంతే. మళ్లీ చెప్తున్నాను. పైన మీ ఫొటో, తర్వాత ఆఫ్‌లైన్ మ్యాప్స్, తర్వాత చదరపు గీత, తర్వాత డౌన్‌లోడ్.

ఆవకాయని మూడో రోజు తిరగకలుపుతాం కదా. ఈ మ్యాప్‌నీ అలా అప్పుడప్పుడూ కలపాలి. ఏడాది దాటితే అది చెల్లదు. మళ్లీ దించుకోవాలి. రోడ్లు మారుతుంటాయి, బైపాస్‌లు వస్తుంటాయి. ఇంకో మాట. దించుకున్న మ్యాప్ కారుకి దారి చెప్తుంది, కానీ ముందు ట్రాఫిక్ ఆగిపోయిందని చెప్పదు. ట్రాఫిక్ పాల సరుకు.

గూగుల్ వద్దనుకునేవాళ్లకి ఆర్గానిక్ మ్యాప్స్ అని ఇంకొకటి ఉంది. అది పుట్టడమే ఊరగాయగా పుట్టింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో మొదలైన ఒక ఉచిత పటం ఉంది. ప్రపంచమంతా జనం ఎవరి ఊరి రోడ్లు వాళ్లు గీసి పెడుతుంటారు. ఆ పటాన్నే ఇది వాడుకుంటుంది. ప్రకటనలుండవు. నాకైతే కొండదారుల్లో నడక బాటలు ఇందులోనే బాగా కనిపించాయి.

సరే, కారు వదిలి రైలెక్కుదాం.

మా అమ్మకి ఎనభై రెండేళ్లు. రైలెక్కితే నిద్రపోదు. ప్రతి స్టేషన్‌లోనూ "ఏ ఊరొచ్చిందే?" అంటుంది. పూర్వం కిటికీ తలుపెత్తి, పసుపు బోర్డు మీద పేరు చదివి చెప్పేదాన్ని. ఇప్పుడు ఏసీ బోగీ. రాత్రిపూట అద్దంలో మన మొహమే మనకి కనిపిస్తుంది. వేర్ ఈజ్ మై ట్రైన్ అనే యాప్ నన్ను ఆ బాధ నుంచి గట్టెక్కించింది.

మీలో చాలామంది దీన్ని వాడుతూనే ఉంటారు. బెంగళూరులో సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ తయారుచేసింది. 2018లో గూగుల్ ఆ సంస్థని కొనేసింది. తెలుగులోనూ ఉంది. దీని గొప్పతనమేమిటంటే, నెట్ లేకపోయినా, జీపీఎస్ లేకపోయినా, మనం కూర్చున్న రైలు ఎక్కడుందో చెప్తుంది. ఇనుప డబ్బాలాంటి బోగీలో, మధ్య బెర్తులో పడుకుంటే జీపీఎస్‌కి ఆకాశం సరిగ్గా కనిపించదు. అయినా ఇది చెప్తుంది. ఎలా?

రైలు పట్టాల పక్కన సెల్ టవర్లు ఉంటాయి. ప్రతి టవర్‌కీ ఒక నంబరుంటుంది. నెట్ వాడకపోయినా మన ఫోన్ దగ్గరున్న టవర్‌ని పలకరిస్తూనే ఉంటుంది. ఏ నంబరు టవర్ ఏ స్టేషన్ దగ్గరుందో ఈ యాప్ ముందే రాసి పెట్టుకుంది. మా ఊళ్లో పాత బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు. చీకట్లో కూడా చింతచెట్టు చూసి ఫలానా ఊరు, గుడి గోపురం చూసి ఫలానా ఊరు అనేవాడు. ఇదీ అంతే, చింతచెట్ల బదులు టవర్లు.

మొన్న సంక్రాంతికి కాజీపేట నుంచి విజయవాడ వస్తున్నాం. అమ్మ బెర్తు మీద కూర్చుని ఉంది. ఫోన్ తన చేతికే ఇచ్చాను. తెర మీద స్టేషన్ల పేర్లు నిలువుగా ఉంటాయి, మన రైలు చుక్కలా కిందికి జారుతుంటుంది. వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్. అమ్మ ఒక్కో పేరూ పైకి చదువుతోంది. ఖమ్మం రాగానే, "మీ పెద్దమ్మ ఊరు" అని దణ్ణం పెట్టుకుంది. మధిర దాటాక నేనే నిద్రపోయాను. కొండపల్లి దగ్గర అలారం మోగింది. దిగాల్సిన స్టేషన్ దగ్గరపడితే లేపమని ఆ యాప్‌కి ముందే చెప్పి పెట్టుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలీదు. తెల్లవారుజామున దిగే పని ఉన్నవాళ్లు తప్పక వాడండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, జాగ్రత్తగా వినండి. ఈ ఒక్క యాప్‌లోనే ఊరగాయ ఉంది, పాలూ ఉన్నాయి. మీరు రైల్లో కూర్చుని, ఎక్కడున్నామని అడిగితే అది ఊరగాయ. నెట్ లేకుండా చెప్తుంది. రైళ్ల టైమ్ టేబులూ ఊరగాయే. మీరు ప్లాట్‌ఫారం మీద నిలబడి, నా రైలు ఎంత లేటని అడిగితే అది పాలు. దానికి నెట్ కావాలి. ప్లాట్‌ఫారం మీద నెట్ లేకుండా యాప్ చూసి, రైలు టైముకే వస్తోందని టీ తాగడానికి కూర్చోకండి. అది కాగితం మీది టైము చూపిస్తోంది.

టికెట్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేయించుకుంటే ఫోన్‌కి ఎస్ఎంఎస్ వస్తుంది. ఆ ఎస్ఎంఎస్, అసలు గుర్తింపు కార్డు, ఈ రెండూ చూపిస్తే చాలు. ఆ మెసేజ్ చెరిపెయ్యకండి. అది కూడా చిన్న ఊరగాయే.

ఇక భాష. మా వదిన కాశీకి వెళ్లి తొమ్మిది రాత్రులు నిద్ర చేసొచ్చింది. వదినకి హిందీ రాదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, హిందీ రెండూ ముందే దించి ఇచ్చాను. ఆ యాప్‌లో భాష పేరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ భాష ఫోన్‌లోకి వస్తుంది. గల్లీల్లో సిగ్నల్ ఉన్నా లేకపోయినా తెలుగులో టైపు చేసి, హిందీలో చూపించి పని నడిపించింది. అయితే దాని హిందీకి మర్యాద తక్కువట. రిక్షా అతను చదివి నవ్వాడని వదిన చెప్పింది. బేరాలకి, దార్లకి ఫరవాలేదు. మందుల చీటీ మాత్రం దానికి అప్పగించకండి. అక్కడ మనిషే కావాలి.

ట్యాబ్ సంగతికొస్తాను. పెద్ద తెర కాబట్టి అది ఇంట్లో ఉండే వస్తువు. మా ఇంట్లో పొద్దున అమ్మది, సాయంత్రం మనవడిది. అందులో కీవిక్స్ అని ఒక యాప్ వేశాను. 2007లో మొదలైంది, ఉచితం. వికీపీడియాని మొత్తంగా దించుకుని నెట్ లేకుండా చదువుకోవడానికి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్నంతా ఒక్కసారి ట్యాబ్‌లోకి దించుకోవచ్చు. దించేటప్పుడు వైఫై కావాలి, చోటూ కావాలి. ఆ తర్వాత నెట్‌తో పనిలేదు. మనవడు కొల్లేరు గురించి బడిలో రాయాల్సి వస్తే అందులోనే వెతుక్కున్నాడు. నెట్ లేదు కాబట్టి మధ్యలో వీడియోలు రావు, ఆటలు రావు. వాడికి విసుగు, మాకు సుఖం. అమ్మ ఏం చదువుతుందో తెలుసా? తన పుట్టిల్లు ఉన్న మండలంలో ఊళ్ల పేర్లు. ఒక్కో పేరూ చదివి, అక్కడ ఎవరికి పిల్లనిచ్చారో చెప్తుంది.

చిన్నపిల్లలున్నవాళ్లు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చూడండి. బొమ్మల కథలు తెలుగులో ఉన్నాయి, ఉచితం. దించుకుని ఎప్పుడైనా చదివించవచ్చు.

పాల యాప్‌లని నేను తక్కువ చేయట్లేదు. రైతులకి ఒక పాల యాప్ తప్పనిసరిగా చెప్పాలి. దామిని. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసింది. మీ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. దీనికి నెట్ కావాలి. కాబట్టి మబ్బు పట్టిన రోజున పొలానికి వెళ్తూ డేటా ఆపకండి. చాలామంది బ్యాటరీ మిగులుతుందని ఆపేస్తారు. ఆ ఒక్క రోజు ఆపకండి.

డబ్బు పంపడమూ పాల పనే. అయితే దానికొక చిన్న ఊరట ఉంది. నెట్ రాకపోయినా, మామూలు ఫోన్ సిగ్నల్ ఉంటే, బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచి *99# కొట్టి చూడండి. స్టార్, తొమ్మిది, తొమ్మిది, హ్యాష్. మెనూ వస్తుంది. యూపీఐ పని అందులో నడుస్తుంది. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన ఊరగాయ చివర్లో చెప్తున్నాను. దానికి కొత్తగా ఏ యాపూ వేసుకోనక్కర్లేదు. మీ ఫోన్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్తే సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అని ఉంటుంది. ఐఫోన్‌లో అయితే హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ. అందులో మీ బ్లడ్ గ్రూపు, మీకున్న జబ్బులు, వాడే మందులు, పిలవాల్సినవాళ్ల ఫోన్ నంబర్లు రాసి పెట్టండి. రోడ్డు మీద మీకేమైనా అయితే, ఫోన్‌కి తాళం ఉన్నా, ఎమర్జెన్సీ అన్నచోట నొక్కి ఎవరైనా ఆ వివరాలు చూడొచ్చు. మా అన్నయ్యకి షుగరుంది. తన ఫోన్‌లో నేనే రాశాను. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో మీరే రాయండి, వాళ్లు రాసుకోరు. ఇంకోటి గుర్తుంచుకోండి. మీ కంపెనీ సిగ్నల్ లేని చోట కూడా 112 కొట్టి చూడండి. పక్క కంపెనీ టవరున్నా ఆ కాల్ వెళ్తుంది.

ఒక హెచ్చరిక. ఎవరో పంపిన జాడీలో చెయ్యి పెట్టకండి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది శుభలేఖ కాదు, దొంగ యాప్. నొక్కి వేసుకుంటే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. యాప్ ఏదైనా సరే ప్లే స్టోర్ నుంచో, యాప్ స్టోర్ నుంచో మాత్రమే దించుకోండి.

ఇప్పుడు మీకో పని చెప్తాను. టీచర్‌ని కదా, హోంవర్క్ ఇవ్వకుండా వదలను. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. వైఫై కూడా ఆపండి. రెండూ ఆపాక, మీరు రోజూ వాడే యాప్‌లు ఒక్కొక్కటే తెరవండి. మ్యాప్ తెరవండి, మీ ఊరి వీధులు కనిపిస్తున్నాయా? పాటల యాప్ తెరవండి, ఒక్క పాటైనా మోగుతోందా? డాక్టరుగారి చీటీ ఫొటో కనిపిస్తోందా? కనిపించినవి ఊరగాయలు. గుండ్రంగా తిరుగుతూ కూర్చున్నవి పాలు. ఆ పాలలో ప్రయాణంలో కావలసినవి ఏవో చూసి, డేటా మళ్లీ వేసి, అప్పుడే దించుకోండి. పది నిమిషాల పని. నేను ఆ పని చేసి, అక్కర్లేనివి తీసేశాకే డెబ్బై మూడు యాప్‌లు ఇరవై ఆరుకి దిగాయి. చీరల కొట్టుది కూడా పోయింది.

పోతూ పోతూ ఒక్కమాట. బ్యాటరీ అయిపోతే ఏ జాడీ మూతా తెరుచుకోదు. ఇంట్లోవాళ్ల నంబర్లు రెండు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. మా అమ్మ పర్సులో చీటీ ఉంది. దాని మీద మొదటి నంబరు నాది, రెండోది అన్నయ్యది. మీ అమ్మగారి పర్సులో ఉందో లేదో ఇవాళే చూడండి.